చేతిరాత మారిన చోటు

ఎవాంథియాకు పెళ్ళి కాలేదు. అయినా మా సంస్థలో అందరూ ఆమెను "మీ ఆయన ఎలా ఉన్నాడు?" అని అడిగేవాళ్ళు. "తొమ్మిది వందల ఏళ్ళు దాటాయి కదా, మోకాళ్ళ నొప్పులట" అనేది ఆమె తలెత్తకుండానే.

ఆ ఆయన పేరు ఎవరికీ తెలియదు. లోకం పుట్టిన దగ్గర్నుంచి తన కాలపు చక్రవర్తి దాకా చరిత్ర రాసి, సంతకం పెట్టకుండా పోయిన ఒక సన్యాసి. ఆ చరిత్రకు ఒకే ఒక్క ప్రతి ఉండేది, గ్రీసులో థెస్సలోనికి నగరం పైపేటలో, పాత చేతిరాత పుస్తకాలు దాచే మా సంస్థ చదువుల గదిలో. ఇరవై మూడేళ్ళుగా ఎవాంథియా ఆ ప్రతి ముందే కూర్చుంది. వచ్చినవాళ్ళ దగ్గర పెన్నులు లాక్కుని పెన్సిళ్ళు ఇవ్వడం, పాత పుస్తకాలకు కాపలా కాయడం నా ఉద్యోగం. నా పేరు అనెస్తిస్. ఆమెకన్నా నేనే మూడేళ్ళు పాతకాపుని, అయినా ఆమెను 'కిరియా' అనే, అంటే అమ్మగారూ అనే, పిలిచేవాణ్ణి.

ఆ కాలపు చరిత్రకారులు మహా పిసినారులు. రాజుల గుర్రాలకు ఎన్ని పేజీలైనా ఇస్తారు గానీ తమ గురించి ఒక్క మాట చెప్పరు. మా ప్రతిలో మాత్రం, ఒక యుద్ధం మధ్యలో, ఉన్నట్టుండి "మా అమ్మ ఈ రోజు పోయింది" అని ఉంది. ఆ వెంటనే "ఆ ఏడు చక్రవర్తి డాన్యూబ్ నది దాటాడు" అని కథ సాగిపోతుంది. అది ఎవరో పొరపాటున చేర్చిన మాట, తీసెయ్యండి అన్నారు పాత పండితులు. ఎవాంథియా ఒప్పుకోలేదు. తల్లి పోయినా కలం ఆపని మనిషి వీడు, వీడి స్వభావమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది అంది. పుస్తకం రాసింది. పేరు 'ఆగని కలం'.

పోయిన నవంబరులో, సొంతూరు నౌసాలో వాళ్ళమ్మ పోయింది. నేనూ వెళ్ళాను. పూడ్చి వచ్చాక అందరికీ కాఫీ, బ్రాందీ, గట్టి రస్కులు పెట్టారు. "మీరు చల్లగా బతికి ఆమెను తలుచుకోవాలి" అని ఒక్కొక్కరూ చెయ్యి పట్టుకుంటుంటే, ఎవాంథియా కవర్ల మీద ముద్రలు కొట్టినట్టు వరసగా చేతులు కలిపింది.

మర్నాడు తొమ్మిదింటికల్లా గది తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఇంటికెళ్ళండి కిరియా. ఇదేం పని?"

"తల్లి పోయినా మావాడు ఒక్క పంక్తి కూడా వదల్లేదు అనెస్తిస్. నేనెవర్ని వదలడానికి?"

"మీవాడు మొండివాడో మొద్దువాడో మనకేం తెలుసు!"

"మాట్లాడకుండా పుస్తకం తీసుకురా."

తెచ్చాను. నాకు ఒళ్ళు మండింది. నలభయ్యో రోజు ప్రార్థనకు నౌసా వెళ్ళి సాయంత్రానికి వచ్చేసింది. ఒకసారి తనే చెప్పింది: "ఏడుపు రావట్లేదు. బాధ కూడా లేదు. పన్ను పీకించుకున్నాక మొద్దుబారిన దవడ ఉంటుంది చూడు, అలా ఉంది." కాఫీలో చక్కెర పడినా, పడకపోయినా ఆమెకు తేడా తెలిసేది కాదు. నేను రెండుసార్లు పరీక్షించాను కూడా.

ఈ ఏడు అక్టోబరులో ఒక దీవి మఠం వాళ్ళు తమ పాత పుస్తకాల ఫొటోలు పంపారు. అందులో మా చరిత్రే ఇంకొకటి కనబడింది. మాదానికన్నా నూట యాభై ఏళ్ళు పాతది. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో, మొట్టమొదట రాసిన అసలు ప్రతి. ఎవాంథియా పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్ళాలి. అది గురువారం. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని ముప్ఫై ఏడో పేజీకి వచ్చాం.

"మా అమ్మ ఈ రోజు పోయింది." ఉంది. అంతవరకూ అక్షరాలు చిన్నవి, కుడివైపు వాలినవి. దాని కింద పంక్తి నుంచి పెద్దవి, నిటారుగా ఉన్నవి.

"సిరా మారింది" అంది.

"సిరా కాదు కిరియా, చెయ్యి మారింది."

"చలికాలం. వేళ్ళు బిగుసుకుని ఉంటాయి."

"పుస్తకం అయిపోయేదాకా చలికాలమేనా?"

ఒక్కో పేజీ తిప్పాను. నూట పన్నెండు పేజీలు. ఆ వాలు అక్షరాలు మళ్ళీ ఎక్కడా రాలేదు. "మిగతాది ఇంకెవరో రాశారు. మీవాడు లేచి వెళ్ళిపోయాడు. మన ప్రతి రాసినవాడు అంతా తన ఒక్క చేత్తోనే ఎక్కించాడు కాబట్టి ఇద్దరూ ఒకడే అయిపోయారు." మెల్లగా చెప్పి ఉండాల్సింది. నా నోరు అంతే.

ఈ ఫొటోలు ఇంకెవరూ చూడలేదు. దాచెయ్యమంటుందనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆమె ఆ మాట అని ఉంటే దాచేవాణ్ణే. ఆమె ఫోను తీసి అచ్చువేసేవాళ్ళతో మాట్లాడింది.

"ఆపండి. పుస్తకం తప్పు." అవతల ఏవో అరుపులు. "దిద్దడానికేం లేదండీ. నేను రాసిన మనిషే లేడు." కూరగాయలు వద్దని చెప్పినంత మామూలుగా చెప్పి పెట్టేసింది.

మళ్ళీ తెర వైపు తిరిగింది.

"ఎక్కడికి పోయుంటాడు?"

"వాళ్ళ ఊరికే. తల్లిని పూడ్చాలి కదా."

"తర్వాత?"

"తర్వాత సంగతి ఎవరికి తెలుసు? రాలేదు మరి."

"రాలేదు" అంది. కళ్ళజోడు తీసింది. ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"అనెస్తిస్, మా అమ్మ పోయింది. నేను ఇంటికెళ్తాను."

వాళ్ళమ్మ పోయి అప్పటికి పదకొండు నెలలు. లేచి ఆమె కోటు అందించాను.