చివరి ఇంటికి నీళ్లు

వేసవి పొద్దున కుళాయి తిప్పితే నీళ్లకంటే ముందు గాలి వస్తుంది. ఆ బుసబుస చప్పుడు వింటే నాకు సూరన్న బాబాయ్ గుర్తొస్తాడు. నేను మంచినీళ్ల సరఫరా ఇంజనీరుని కాబట్టి అది తరచుగానే వింటాను. మా పనితనం అలాంటిది.

ఇంజనీరింగు పూర్తిచేసి, ఏ ఉద్యోగమైనా నన్ను గుర్తించేదాకా, రాజమండ్రిలో ఒక నెట్ సెంటర్ చూసుకుంటున్న రోజులవి. నాలుగు కంప్యూటర్లు, పనిచేసేవి మూడు. ఎవరూ లేనప్పుడు నేను ప్రాచీన ఈజిప్టులో నగరాలు కట్టేవాణ్ణి. నది పక్కన పొలాలు వేయాలి, బావులు తవ్వాలి, జనం పారిపోకుండా చూసుకోవాలి. అదీ ఆట. సూరన్న తన మనవరాలి ఇంటర్ రిజల్ట్ కోసం వచ్చాడు. కాలవ లస్కరుగా, అంటే లాకు తలుపులు ఎత్తి దించి పొలాలకు నీళ్లు వదిలే పనిలో, జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. మనవరాలి సంగతి మర్చిపోయి నా తెర చూస్తూ నిలబడిపోయాడు.

"ఏవయ్యా, ఆ శివారు ఇళ్లకి బావేదీ?"

"అక్కడుండేది పేదోళ్లు బాబాయ్. ముందు పైనున్న పెద్దిళ్లకివ్వాలి. లేపోతే ఊరు ఎదగదు."

"ఎవరు చెప్పారు?"

"ఆటే చెప్తోంది."

"అయితే దానికి తెలీదు. జరుగు."

ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు ఆయన నా కుర్చీలో కూర్చున్నాడు. ఇంగ్లీషు రాదు కనుక తెరమీది మాటలు నేను చదివి చెప్పేవాణ్ణి. మౌసును లాకు చక్రంలా రెండు చేతులతో తిప్పేవాడు. ప్రతి నగరాన్నీ చివరి ఇంటినుంచే మొదలుపెట్టేవాడు. శివారుకి నీళ్లందాయంటే మధ్యలో అందరికీ అందినట్టేనని ఆయన లెక్క. కాలవ విషయంలో అది నిజం. ఆటలో మాత్రం పెద్దిళ్లవాళ్లు అలిగి వెళ్లిపోయేవారు, వాళ్ల వెనకే ఊరూ పోయేది.

"పెద్దోళ్లు వెళ్లిపోతున్నారు బాబాయ్."

"ఆయ్. సామాను మర్చిపోవద్దని చెప్పు."

అంత సంతోషంగా ఓడిపోయే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఒక్కసారి మాత్రం, ఊరు కూలుతుంటే నవ్వలేదు. "ఓ ఏడాది ఎండలకి కాలవ సన్నబడిపోయింది. పైనున్న ఓ పెద్దాయన గట్టుకి దొంగ తూము పెట్టుకున్నాడు. పూడ్చేశాను. మర్నాటికల్లా నన్ను లాకు మీంచి తీసేసి గోడౌనులో పడేశారు. శివారు చేలన్నీ ఎండిపోతుంటే నేను తుప్పుగొలుసులకి కాపలా కాశాను" అన్నాడు. తర్వాత కొత్త ఊరు మొదలుపెట్టాడు, మళ్లీ చివరి ఇంటినుంచే.

నాకు ఉద్యోగం వచ్చింది. రెండేళ్లకి ఒక పైపులైను ప్లాను నా బల్లమీదికి వచ్చింది. దాని చివర సూరన్న ఉండే జాలర్ల కాలనీ. గోదావరి వాళ్ల పెరట్లోనే పారుతుంది, తాగే నీళ్లు మాత్రం మైలు దూరంనుంచి బిందెల్లో రావాలి. ఆ లైనును కాలనీకి ముందే ఆపి, ఇంకా ఒక్క గోడా లేవని కొత్త లేఅవుటు వైపు తిప్పమన్నారు పైవాళ్లు. నేను అభ్యంతరం చెప్పాను. నోటితోనే, మెల్లగా, తలుపు మూసి ఉన్నప్పుడు. తర్వాత సంతకం పెట్టాను.

సంగతి తెలిసి సూరన్న ఆఫీసుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ప్లాను చూపించమన్నాడు. గీత వెంబడి వేలు నడిపించి, అది ఆగిన చోట ఆపాడు.

"దీని తర్వాత మేవేనాండి?"

"తర్వాతి విడతలో తప్పకుండా వస్తుంది బాబాయ్."

"ఆయ్, అలాగేనండి." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఆట బాగా నేర్చుకున్నారండి. మీ ఊరికేం కాదు."

అప్పటిదాకా ఆయన నన్ను అండి అని ఎన్నడూ అనలేదు. గోదావరి జిల్లాల్లో కుక్కపిల్లకి కూడా దక్కే ఆ గౌరవం నాకు ఆ రోజు దక్కింది.

తర్వాతి విడతకి నాలుగేళ్లు పట్టింది. ఆయన మూడే ఆగగలిగాడు.

ఇప్పటికీ ఏ ప్లాను వచ్చినా ముందు చివరి ఇల్లెక్కడుందో వెతుకుతాను. ఎప్పుడూ కనిపిస్తుంది. చాలాసార్లు పైపు అక్కడిదాకా వెళ్లదు. కాసేపు వేలు అక్కడే ఉంచి, తర్వాత సంతకం పెడతాను. వెతకడం ఆయన నేర్పాడు. మిగతాది ఉద్యోగం నేర్పింది.