మొండిగుడిలో అడిగిన నీళ్ళు

దేవుడి పటం తెచ్చి చేతిలో పెట్టినా ఇదే మాట చెబుతాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటీ లేదు. నమ్మకపోయినా నాకు కోపం లేదు... నాకే ఇంకా అర్థం కాలేదు.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. పెళ్ళయి రెండేళ్ళు. బాగేపల్లికి తూర్పున చిన్న పల్లె మాది. ఇంకా మహారాజులే ఏలుతున్న కాలం. ఆ ఏడు ప్లేగు వచ్చింది. ఇళ్ళల్లో ఎలుకలు రాలిపడగానే ఊరంతా ఖాళీ చేసి చేలల్లో కొట్టాలు వేసుకున్నాం. పది రోజులు గడిచాయి. గండం తప్పిందనుకున్నాం. ఆ రోజు పొద్దున నా భర్తకు జ్వరం తగిలింది. మధ్యాహ్నానికి గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ.

కొట్టాల్లో చిన్నపిల్లలున్నారు. రోగిని ఉంచుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. వాళ్ళను తప్పు పట్టను... నేనైనా ఒప్పుకునేదాన్ని కాదేమో. మా బావ, అంటే ఆయన అన్న, ఆయన్ని మంచంమీద వేసి మొండిగుడికి మోయించాడు. నేనూ వెంట వెళ్ళాను.

ఊరికి రెండు మైళ్ళ దూరంలో, తుమ్మచెట్ల మధ్య పాడుబడిన రాతిగుడి అది. ఏ రాజు కట్టించాడో ఎవరికీ తెలియదు. గోడలమీద అక్షరాలున్నాయి, చదివేవాళ్ళు లేరు. గోపురం ఎప్పుడో కూలింది. ముందు నాలుగు స్తంభాల మంటపం, వెనక గర్భగుడి, అంతే మిగిలాయి. లోపల దేవుడు లేడు. కిటికీ లేదు. ఒక్కటే వాకిలి... మనిషి వంగి దూరాలి. మంచం మంటపంలోనే దింపారు.

"తెల్లారితే చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి బండి కడతానమ్మా. ఈ ఒక్క రాత్రి ఓర్చుకో," అన్నాడు బావ.

"నీళ్ళు చాలవు బావా. చిన్న కుండే ఉండాది."

"ఇంకో కుండ పంపిస్తాలే."

పంపలేదు. మోసుకొచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయిందని తర్వాత తెలిసింది.

ఆయన గడియకోసారి నీళ్ళు అడుగుతూనే ఉన్నాడు. చెంబుతో పోస్తూనే ఉన్నాను.

"మేయ్... నువ్వు పో. నీకూ అంటుకుంటాది," అన్నాడు ఒకసారి.

"యాడికి పోవాల? మాట్లాడకుండా పండుకో."

లాంతరులో నూనె అయిపోయింది. కూలిన కప్పు సందులోంచి వెన్నెల పడుతోంది. కుండ వంచితే ఆఖరి చెంబెడు నీళ్ళు వచ్చాయి. వాగు ఎండిపోయింది. బావి దగ్గరికి పోవాలంటే ఆయన్ని ఒంటరిగా వదలాలి. చెంబు పట్టుకుని చూస్తే... ఆయన కునుకు తీస్తున్నాడు. నిద్రపోనీలే అని పక్కన కూర్చున్నాను.

అప్పుడు వినబడింది.

"అమ్మా... నీళ్ళు."

ఆయనే అనుకుని వంగాను. ఆయన పెదవులు కదల్లేదు. అదీగాక, ఆయన నన్ను ఏనాడూ అమ్మా అని పిలవలేదు.

"అమ్మా... నీళ్ళు."

వెనకనుంచి. గర్భగుడిలోంచి.

 ఆలోచించాను... మా ఊరివాళ్ళు మమ్మల్ని తెచ్చి పడేసినట్టే, ఇంకే పల్లెవాళ్ళో ఇంకొకర్ని తెచ్చి లోపల పడేశారేమో.

"ఎవురప్పా? ఏ ఊరు మీది?"

 ఊపిరి ఒక్కటే వినబడింది... గర్... గర్... మూడోసారీ అడిగింది ఆ గొంతు. ఏడుపులాగా.

దాహమన్నవాడికి లేదనకూడదని మా అమ్మ చెప్పేది. వెన్నెల తేటగా ఉంటే తెల్లవారుతోందనుకున్నాను. బండి వచ్చేస్తుందిలే అనుకున్నాను. చెంబు గడపమీదుగా చీకట్లోకి పెట్టి, చెయ్యి లాగేసుకున్నాను.

చెంబు రాతిమీద జరిగింది. తర్వాత గుటకలు... ఒకటి... ఇంకొకటి... తొందర లేకుండా. చివరికి చెంబు గడప దగ్గరికి దొర్లుకుంటూ వచ్చి ఆగింది. అందుకుని చూశాను. చుక్క లేదు.

అదే క్షణాన ఆయన కళ్ళు తెరిచాడు.

"నీళ్ళు..."

నా దగ్గర ఏముంది... చెంబులో తడిని కొంగుతో తుడిచి, ఆ కొంగు ఆయన పెదవులకు అద్దాను. ఆ గుడ్డనే చీకాడు. చీకుతూ చీకుతూ నన్నే చూశాడు.

ఆయన ఊపిరి, లోపలి ఊపిరి ఒక్కలాగే వినబడుతున్నాయి. ఇక్కడ గర్రుమంటే అక్కడా గర్రు. ఎంతసేపో తెలియదు. తర్వాత... ఆయనది ఆగింది. లోపలిది ఆగలేదు. తెల్లవారేదాకా... ఆగలేదు.  ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఆ వాకిలికేసే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ బయటికి రాలేదు.

పొద్దెక్కాక బావ బండితో వచ్చాడు, ఇద్దరు మనుషులతో. తమ్ముణ్ణి చూసి కూలబడ్డాడు.

"బావా, లోపల ఇంకొకాయన ఉండాడు. బతికే ఉండాడు. ఆయన్నన్నా బండెక్కించు," అన్నాను.

బావ దివిటీ వెలిగించుకుని వంగి లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక నా మొహం చూడలేదు.

"ఎవురూ లేరమ్మా."

"రాత్రంతా ఊపిరి వింటాండా బావా."

"లేరంటాండా కదా."

అన్నాడు గానీ, ఆ ఇద్దరు మనుషులచేత ఆ వాకిలి నిండా ముళ్ళకంప కొట్టించాడు. పైన బండరాళ్ళు పెట్టించాడు. ఎవరూ లేనిచోట కంప ఎందుకని అడిగితే, గొడ్లు దూరతాయన్నాడు. వంగితే తప్ప దూరలేని ఆ వాకిట్లోకి గొడ్లు ఎలా దూరతాయి?

బావ బతికున్నన్నాళ్ళూ అడిగాను. ఆ మాటే చెప్పాడు. లోపల ఏం చూశాడో చెప్పకుండానే పోయాడు.

దయ్యమో, రోగిష్టి మనిషో, నా భ్రమో... నాకు తెలియదు. నా మొగుడు మాత్రం నోరెండి పోయాడు. తాగింది మనిషే అయ్యుంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. అలా అనుకోగానే, ఆ మనిషి మీద కంప కొట్టించామే అని గుర్తొస్తుంది.