కొన్నవాళ్లకు చెప్పే మాట

హార్మోనియం చాచా పోయారన్న సంగతి నాకు మా వీధి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందని ఎవరో అడిగారు, దాని కింద రెండు లైన్లు. గద్వాల నుంచి ధరూర్ వైపు పోయే ఆటోలో, పత్తి ఏరడానికి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుని చదివాను. ఏడవడానికి కూడా చోటు లేదు. దిగి, బడికి పోయి, హాజరు తీసుకుని, మధ్యాహ్న భోజనం గుడ్లు పంచి, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచాక గాని ఆయన ఇక లేరన్నది నాకు పట్టలేదు. ఈ మధ్య నాకు అన్నీ ఇలా ఆలస్యంగానే అందుతున్నాయి. అంత అలసిపోయి ఉన్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా వెనక సందులో ఒక చిన్న గదిలో హార్మోనియాలు బాగుచేసేవారు. శ్రావణం దగ్గర పడితే చుట్టుపక్కల ఊళ్ల భజన బృందాలు పెట్టెలు మోసుకుని ఆయన గుమ్మం ముందు కూర్చునేవి. బల్ల మీద స్వరాలు పలికించే ఇత్తడి రీడ్లు, వాటిని రుద్దే సన్నటి ఆకురాయి, చల్లారిపోయిన చాయ్. మాట పొదుపు. ఎవరైనా సామాను చూపిస్తూ ఖరీదు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. "ధర చెప్పకు. ధర ఇన్నంక చెవి అబద్ధమాడుతది" అనేవారు.

పోయిన ఏడాది నా గొంతు పోయింది. ఇన్నేళ్లూ ఒకటో తరగతికి అరిచి అరిచి గొంతులో చిన్న కాయలు లేచాయి. పాడొద్దు, గట్టిగా మాట్లాడొద్దు అన్నాడు డాక్టరు. పాట లేకుండా ఒకటో తరగతికి అక్షరాలు చెప్పడం నాకు చేతకాదు. ఆఫీసులో కాగితాల పని చూసుకోమని పైవాళ్లు మెల్లగా చెబుతూనే ఉన్నారు. పిల్లల్లేని బడి నాకెందుకు? అప్పుడే ఆన్‌లైన్‌లో ఒక సోప్రానో ఉకులేలే తెప్పించుకున్నాను. గిటార్‌కు పసిపిల్లలా ఉంటుంది, నాలుగే తీగలు. సోప్రానో అంటే అందులోనూ అన్నిటికంటే చిన్నది. నేను పాడకపోయినా అది శ్రుతి పట్టిస్తే పిల్లలు అందుకుంటారని నా ఆశ. తీరా చూస్తే పావుగంటకోసారి శ్రుతి దిగిపోతోంది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో ఏ మెట్టు మీద నొక్కినా కాస్త పక్కకు పలుకుతోంది. నా చేతి లోపమో, దాని లోపమో తెలియక చాచా దగ్గరికి పట్టుకుపోయాను.

"ఏందిది, సితార్ పిల్లనా?" అన్నారు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న.

"కొన్నవా, కొంటవా?"

"కొన్న చాచా."

"సరె."

వస్తువు నచ్చకపోతే వారం లోపల వాపసు పంపొచ్చన్న ముక్క నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఆయన లెక్కలో కొన్నది కొన్నదే.

ఒక కన్ను మూసి, దూలం వంకర చూసినట్టు దాని మెడ పొడవునా చూశారు. మెట్ల అంచుల మీద బొటనవేలు నడిపించారు. గుండ్రటి రంధ్రం అంచును దీపం కింద పెట్టి, "ప్లైవుడ్డే. పర్వాలేదు, మన ఎండలకు గిదే ఆగుతది" అన్నారు. హార్మోనియం మీద ఒక స్వరం పట్టుకుని ఉత్త తీగ మీటారు, మళ్లీ అదే తీగను పన్నెండో మెట్టు మీద నొక్కి మీటారు. "రెండూ ఒక్క తీరు పలకాలె. ఒకటి కింద, ఒకటి మీద, గంతే." నాలుగు తీగలకూ అలాగే చేసి, దాన్ని బల్ల మీద పెట్టారు.

"మంచిదేనా చాచా? ఇది పలకకుంటే నా కొలువు కాగితాలల్లనే."

"మంచిదే బేటా. కొత్త తీగలు సాగుతయి, జర ఓపిక పట్టాలె. మూడు దినాలు ఈడ పెట్టి బేఫికర్‌గ పో."

నాలుగో రోజు తెచ్చుకున్నాను. అది పలికింది. ఒకటో తరగతి అందుకుంది. ఏడాదిగా ఆ తరగతిలోనే ఉన్నాను. నాకొచ్చింది మంచిదన్న ధైర్యంతో వనపర్తిలో నా స్నేహితురాలి చేత కూడా అదే రకం కొనిపించాను. అది ఒక్క రోజూ సరిగ్గా పలకలేదట, ఇప్పటికీ నన్ను తిడుతుంది. నాది అదృష్టం అనుకున్నాను.

పోయిన ఆదివారం చాచీని పలకరించడానికి వెళ్లాను. కాసేపటికి ఆమే అడిగింది.

"నీ చిన్న బాజా మంచిగున్నదా బేటా? దాంతోని ఆయన మూడు దినాలు తిప్పలు పడ్డడు. పాడు సామాను, పాడు సామాను అని ఒకటే గొణుగుడు."

"నాతోని మంచిదన్నడు గద చాచీ!"

"కొననోళ్లకు వంకలన్నీ చెప్తుండె. కొనుక్కొచ్చినోళ్లకు మంచిగున్నదనే అంటుండె. కొన్నంక చెప్పి ఏం ఫాయిదా, దిగులు తప్ప, అని. మల్ల కూసొని తనే మంచిగ చేస్తుండె. నీదానికైతే మెట్లన్నీ ఆకురాయితోని రాకిండు. తీగల కింద ప్లాస్టిక్ ముక్కలు పీకేసి, పాత హార్మోనియం మీటల మీదుండె ఎముక పలక కోసి పెట్టిండు. జర పండుకో అంటే, ఆ బిడ్డ కొలువు దీని మీదున్నది అన్నడు."

నిజం చెప్పాలంటే ముందు కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే వాపసు పంపేదాన్ని కదా అనుకున్నాను. ఇంటిదాకా నడిచేసరికి ఆ కోపం నిలవలేదు. వాపసు పంపి ఉంటే డబ్బులు వచ్చేవి. ఇంకొకటి వెతుక్కునే ఓపిక అప్పటికి నాలో లేదు. మరుసటి సోమవారమే ఆఫీసు కుర్చీకి ఒప్పుకునేదాన్ని. ఆయన నా ముఖం చూసి ఆ సంగతి గ్రహించారేమో. బతికుండగా ఒక్కసారైనా సరిగ్గా షుక్రియా చెప్పలేదు, ఆ బాధ మాత్రం పోయేలా లేదు.

కిటికీ దగ్గర కూర్చుని ఉకులేలేను మొదటిసారి పరీక్షగా చూశాను. కింద, తీగలు ఆనే చోట సన్నటి ఎముక పలక. దాని ఒక అంచున లేత గోధుమరంగు మరక ఉంది. ఏ ఊరి భజనలోనో ఎవరో ఏళ్ల తరబడి వేలు ఆనించి పాడిన చోటు. తుడిచి చూశాను, పోలేదు. తెల్లారితే ఒకటో తరగతి పాడేది దాని మీదే.