పొలిమేర మకాం

గీత ముప్పై మూడేళ్ల జీవితంలో చేసిన ప్రయాణాలన్నింటికీ ఎవరిదో ఒకరి పని కారణం. ఒకరి పెళ్లి, ఇంకొకరి చావు, అత్తగారి మొక్కు, నాయిన కంటి ఆపరేషన్. తన కోసం తాను బయలుదేరిన ప్రయాణం ఒక్కటీ లేదు. అందుకే కోదాడ సైకిల్ బృందం చలికాలంలో అంతర్వేది దాకా, గోదావరి సముద్రంలో కలిసే చోటికి పోతున్నదని తెలిసిన రోజున ఆమె భర్త నగేష్‌ను అడగలేదు, చెప్పింది.

"నేను పోతున్న."

నగేష్ మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం తోలే లారీ డ్రైవర్. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "అంత దూరం లారీ నడిపెటందుకే నా నడుము ఇరుగుతది. నువ్వు తొక్కుకుంట పోతవా?" అన్నాడు.

"నీ నడుము కూసుండి ఇరిగింది. నాది తొక్కితె తక్కువైంది."

అది నిజమే. గీత సూర్యాపేటలో ఒక కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా స్టూలు మీద కూర్చోవడం వల్ల పట్టుకున్న నడుమునొప్పికి విరుగుడుగా రెండేళ్ల కిందట తెల్లవారుజామున సైకిల్ తొక్కడం మొదలుపెట్టింది. నొప్పి పోయింది, అలవాటు మిగిలింది.

కోదాడ బృందాన్ని నడిపే హరీష్ ఒక ప్రైవేటు పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. అతని నియమం ఒకటే: వెనక వ్యాను రాదు, ఎవరి సామాను వారే మోసుకోవాలి. కిందటేడు ఒకతను హైవే మీద పంక్చరై, సంచి జిప్పు తెరుచుకోక, దూసుకుపోతున్న లారీల పక్కన చాలాసేపు నిలబడిపోయాడు. అప్పటి నుంచి హరీష్ ఒక పరీక్ష పెట్టాడు. ప్రయాణానికి ముందు ఒక ఆదివారం అందరూ పూర్తి సామానుతో కోదాడ నుంచి నడిగూడెం దాకా తొక్కాలి. దారిలో అతను ఎక్కడైనా ఆపి, ఏదైనా ఒక వస్తువు అడుగుతాడు. అది వెంటనే చేతికి రావాలి. రాకపోతే మరుసటి ఆదివారం ఇంకొక్క అవకాశం, అప్పుడూ రాకపోతే ఆ మనిషి ఆ ఏడు ఇంట్లోనే ఉండాలి.

గీత దగ్గర ఉన్నది దసరా బోనస్. అందులో సగం ఇంటికి, సగం తనకు అని ముందే తీర్మానించుకుంది. ఆ సగాన్ని ఖర్చుచేయడంలో ఆమె పాటించిన పద్ధతి స్పష్టమైనది. తన ప్రాణం ఏ వస్తువు మీద ఆధారపడుతుందో అది కొత్తదే కావాలి. తక్కినది పాతదైనా, ఇంట్లో చేసుకున్నదైనా సరిపోతుంది. హెల్మెట్, వెనక ఎర్రలైటు, టైర్లు, బ్రేకు రబ్బర్లు కొత్తవి కొన్నది. సైకిల్ మాత్రం చదువు ముగించుకొని ఊరు వెళ్లిపోతున్న ఒక ఇంజినీరింగ్ విద్యార్థి దగ్గర తీసుకున్నది. కొనేముందు దాన్ని సూర్యాపేటలో సైకిల్ షాపు నడిపే నాగేందర్ దగ్గరికి నడిపించుకుపోయింది.

నాగేందర్ చక్రం తిప్పి చూసి, ఫ్రేము అతుకులన్నీ వేలితో తడిమి, "బండి మంచిదే మేడం. కని పక్క సంచులు గావాలంటే హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. ఆ సంచుల పైసలకు గిసుంటి సైకిల్ ఇంకోటొస్తది," అన్నాడు.

"అయితే నువ్వు క్యారియర్ గట్టిది బిగియ్యన్నా. సంచుల సంగతి నేను సూసుకుంట."

ఆమె సూసుకున్న చోటు మిర్యాలగూడ. రైస్ మిల్లుల బాటలో లారీల సరుకు మీద కప్పే పట్టాలు కుట్టే దుకాణం ఒకటి ఉన్నది. దాన్ని నడిపేది కృపారాణి. నగేష్ తన యజమాని పారేయమన్న పాత పట్టాను, భార్యను, ఆమె సైకిల్‌ను లారీలో ఎక్కించుకొని ఆ దుకాణం ముందు దింపాడు. గీత కాగితం మీద గీసిన బొమ్మను కృపారాణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండు దిక్కుల రెండు సంచులు. గాడిదకా చెల్లె?"

"నాకే అక్కా."

"అదే అడుగుతున్న," అన్నది కృపారాణి, మిషన్ మీది నుంచి తల ఎత్తకుండా. లారీ దగ్గర నిలబడ్డ నగేష్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

అయినా ఆమె కొలత సైకిల్ మీదే తీసుకున్నది. గీతను కూర్చోబెట్టి పెడలు తొక్కించి, మడమ సంచికి తగులుతున్న చోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ మూలను ఏటవాలుగా కోసేసింది. సంచి మూతికి జిప్పు వద్దన్నది. "లారీ పట్టాకు జిప్పు ఉంటదా? మూడు మడతలేసి కట్టు. వాన గాదు, వాన తాత గూడ లోపలికి రాడు." తగిలించడానికి పాత బకెట్ల ఇనుప పిడులను వంచి కొక్కేలు చేసింది.

ఇక మిగిలింది పడక, కట్టుతాడు. వాటి కోసం గీత మోతెకు, పుట్టింటికి పోయింది.

ఆమె తండ్రి రామనర్సయ్య ఇప్పటికీ గొర్రెలు కాస్తున్నాడు. మేత కరువైనప్పుడు మందతో నెలల తరబడి కృష్ణ ఒడ్డు దాకా వలసపోయి వచ్చిన మనిషి. కూతురు సైకిల్ మీద సామాను చూసి ఆయనకు సంబరమైంది. భుజం మీది గొంగడి తీసి మడిచి, "పడకంటే ఇదే బిడ్డా. కప్పుకో, పరుసుకో, వానొస్తే నెత్తిన ఏసుకో," అని క్యారియర్ మీద పెట్టాడు. ఆ పైన రెండు సంచులనూ కలిపి జనపతాడుతో బిగించి కట్టాడు. మంద చుట్టూ వల కట్టేటప్పుడు వేసే ముడి వేశాడు.

"ఈ ముడి సూడు. గొర్రె గుంజిన కొద్దీ ఇంకింత బిగుస్తది. నలబై ఏండ్లల ఒక్కసారన్న ఊడలేదు."

గీత దాన్ని గుంజి చూసింది. కదలలేదు. ఆమెకు ఎంతో ధైర్యమనిపించింది.

పరీక్ష జరిగిన ఆదివారం సముద్రంలో వాయుగుండం. కోదాడ దాటగానే వాన మొదలైంది. పట్టా సంచుల్లోకి ఒక్క చుక్క దిగలేదు. కొత్త టైర్లు బురదలో జారలేదు. హైవే వదిలి నడిగూడెం బాట పట్టేసరికి గీత ముందువరుసలో ఉన్నది. ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా హరీష్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"గీతగారూ, మీ వెనక టైరు పంక్చర్ అయిందనుకోండి. ట్యూబు తీయండి."

గీత దిగి తాడు పట్టుకున్నది. వానకు నానిన జనపతాడు ఉబ్బి గట్టిపడిపోయింది. ముడి ఎక్కడ మొదలైందో కూడా వేలికి దొరకలేదు. గుంజింది. రామనర్సయ్య చెప్పినట్టే అది మరింత బిగిసింది. పళ్లతో పట్టి లాగింది. గొంగడి నీళ్లు పీల్చుకొని ఒకపక్కకు జారడంతో సైకిల్ ఆమె మీదికి ఒరిగింది.

బృందంలో ధర్మా అనే కుర్రవాడికి నోరు ఎక్కువ. "అక్కా, గొర్రె కాళ్లు కట్టినట్టు కట్టేశావుగా! అది మే అనకముందే విప్పెయ్!" అన్నాడు. అందరూ నవ్వారు. గీత కూడా నవ్వబోయింది కాని, ఆ నవ్వు పూర్తికాలేదు.

హరీష్ చాలాసేపు ఎదురుచూశాడు. తరవాత ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"మీ సంచులు బాగున్నాయండీ, నా వాటికన్నా బాగున్నాయి. కానీ వాటిని మీరే తెరవలేకపోతే హైవే మీద ఏం చేస్తారు? వచ్చే ఆదివారం ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడు కూడా ఇంతే అయితే ఈ ఏడుకు లేదండి."

ఆ సాయంత్రం గీత సూర్యాపేటకు పోకుండా నేరుగా మోతెలో దిగింది. జరిగింది విన్న రామనర్సయ్యకు మొదట కోపం వచ్చింది.

"నా ముడికి వంక వెట్టిండా ఆ పంతులు?"

"ముడి మంచిదే నాయినా. ఊడొద్దనుకుంటె మంచిదే. నాకు ఊడాలె."

ఆయన సైకిల్ దగ్గరికి పోయాడు. తడిసిన గొంగడిని ఎత్తి చూసి, ఆ బరువుకు తానే ఒకడుగు తూలాడు. దాన్ని దించి, అరుగు మీద కూర్చొని అడిగాడు.

"మంద వలస పోయేటప్పుడు తొలి మకాం యాడ ఏస్తమో ఎరికేనా?"

"పొలిమేరల. మనిల్లు కనవడేంత దూరంల."

"ఎందుకు?"

గీతకు జవాబు తెలుసు. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసింది. మొదటి రాత్రి ఊరికి దగ్గరలోనే దిగుతారు. గాడిదల మీది మూటలన్నీ దింపి, విప్పి వాడి చూస్తారు. మరచినదాన్ని ఇంటికి వచ్చి తెచ్చుకుంటారు, అక్కరలేనిదాన్ని తిరిగి పంపేస్తారు. మర్నాటి నుంచే అసలు వలస.

"నువ్వు పొలిమేర మకాం ఎయ్యకుంటనే కోదాడ పోయినవ్," అన్నాడు రామనర్సయ్య. "తప్పు నీది గాదు. నిన్ను పంపిన నాది."

వారం నడుమ దుకాణానికి సెలవున్న రోజున ఆ మకాం పడింది. ఊరవతల, కోసిన వరిమడిలో గీత సైకిల్ నిలబెట్టి సామానంతా దింపింది. రామనర్సయ్య గట్టు మీద కూర్చొని హరీష్ పాత్ర వహించాడు. అయితే హరీష్‌కు ఉన్న మర్యాద ఆయనకు లేదు.

"దువ్వెన తీ! జరమొచ్చింది, గోలి తీ! గంత సేపా? నీ రోగం గూడ నయమైపాయె!"

"ఆగు నాయినా, తీస్తున్న!"

"లారీ ఆగుతదా?"

గీత ముందు నవ్వింది, తరవాత విసుక్కున్నది, ఆ తరవాత ఆలోచించింది. ఏ వస్తువు ఎంత తరచుగా అవసరపడుతుందో ఆ వరుసలో మళ్లీ సర్దింది. ట్యూబు, పంపు, వానకోటు పైకి వచ్చాయి. బట్టలు అడుక్కు పోయాయి. రెండో జత చెప్పులు, అద్దం, స్టీలు డబ్బాల్లో పెద్దది, పొద్దుగూకేదాకా ఎవరూ అడగని వస్తువులన్నీ ఇంటిదారి పట్టాయి.

గొంగడి దగ్గర ఆమె ఆగింది. పడకకు అది కావాలి. అంత బరువు వద్దు. వారి ఇంట్లో గొంగడికి కత్తెర పెట్టరు. పెళ్లిపీట మీద పరిచేది, కులదైవం బీరప్ప ముందు మడిచిపెట్టేది అదే. గీత అడగలేకపోయింది. రామనర్సయ్య అడిగించుకోలేదు. తన గొంగడి రెండు నిలువుపట్టీలు కలిపి కుట్టినది. నడుమ కుట్టును దబ్బనంతో ఓపికగా విప్పి, ఒక పట్టీ కూతురి చేతికిచ్చాడు.

"కోసుడు గాదు, విప్పుడు. మళ్ల వచ్చినంక కుట్టుకుందం. దీన్ని బయట కట్టకు, సంచిల వెట్టు."

తాడు సంగతి నాగేందర్ షాపులో తేలింది. పంక్చర్ల దగ్గర మూలన పడి ఉన్న పనికిరాని ట్యూబులను పొడవుగా కోసి ఇచ్చాడు. రబ్బరు నానదు, ఉబ్బదు. పైసలు తీసుకోలేదు. అయితే ముడి మాత్రం రామనర్సయ్యదే. బొచ్చు కత్తిరించేటప్పుడు గొర్రె కాళ్లకు వేసే ముడి వేరే ఉన్నది. పని కాగానే ఒక కొస పట్టి గుంజితే మొత్తం విడిపోతుంది. ఆయన దాన్ని కూతురి చేత వేయించాడు, కళ్లు మూసుకొని కూడా వేయించాడు.

"గా పిలగాడు గొర్రె కాళ్లన్నడు గద," అన్నాడు. "ఇగ గొర్రె కాళ్ల ముడే కట్టుకపో."

రెండో ఆదివారం బృందమంతా మళ్లీ బయలుదేరేసరికి ఎండ కాసింది. హరీష్ ఈసారి నడిగూడెం దాకా ఆగనేలేదు. ఊరు దాటాక వెనక్కి తిరుగుతుండగా, ఎవరూ అనుకోనిచోట, ఎత్తు ఎక్కుతుండగా చెయ్యెత్తాడు.

"గీతగారూ, ట్యూబు."

గీత దిగింది. ఎడమచేత్తో సైకిల్ పట్టుకొని కుడిచేత్తో రబ్బరు కొస గుంజింది. ముడి విడిపోయింది. మూడు మడతలు తెరుచుకున్నాయి. ట్యూబు హరీష్ చేతిలో పెట్టింది. అతను వాచీ చూడటానికి చెయ్యి పైకెత్తి, చూడకుండానే దించేశాడు.

"వానకోటు కూడా చూపించమంటారా సార్?"

"వద్దండీ," అన్నాడు హరీష్ నవ్వుతూ. "మీరు వస్తున్నారు. నా కోసం ఆ ముడి ఇంకోసారి వేసి చూపించండి, చాలు."

మాట పూర్తికాకముందే వెనక ఏదో జారిపడిన చప్పుడైంది. ధర్మా క్యారియర్ మరమేకు ఊడి, కొత్త సంచులు రెండూ రోడ్డు మీద పడ్డాయి. గీత దగ్గర ట్యూబు ముక్క ఒకటి అదనంగా ఉన్నది. క్యారియర్‌ను ఫ్రేముకు కట్టి బిగించి, కొసను ధర్మా చేతికిచ్చింది.

"కోదాడ దాకా గుంజకు తమ్ముడూ. గుంజితె మే అంటది."

ఈసారి నవ్వు ఆమెతో మొదలై బృందమంతా పాకింది. అందరికన్నా ఎక్కువసేపు నవ్వినవాడు ధర్మాయే.

ప్రయాణంలో వారికి కృష్ణ ఒడ్డున ఎదురుగాలి, ఏలూరు దాటాక పొగమంచు, భీమవరం దగ్గర గీత టైరుకు నిజమైన పంక్చర్ ఎదురయ్యాయి. పంక్చరైనప్పుడు బృందమంతా దిగి చుట్టూ నిలబడింది. ఎవరూ సాయం చేయబోలేదు. ఆమె చేతులను చూస్తూ ఉండిపోయారు. రొయ్యల చెరువుల నడుమ ఆ రోడ్డు పక్కన రబ్బరు కొస ఒక్క గుంజుకు విడిపోయినప్పుడు ఎవరో ఈల వేశారు.

అంతర్వేదిలో సైకిళ్లను ఇసుక దాకా నడిపించుకుపోయారు. గోదావరి గోధుమరంగు, సముద్రం నీలం. రెండూ కలిసేచోట గీత ఒడ్డున నిలబడి, తడిసిన చెప్పులతోనే తండ్రికి వీడియో కాల్ చేసింది. రామనర్సయ్య సముద్రాన్ని చూడలేదు. ఫోన్‌ను అటు తిప్పమన్నాడు, ఇటు తిప్పమన్నాడు, చివరకు సైకిల్‌ను చూపించమన్నాడు.

"ముడి మంచిగున్నదా?"

"ఉన్నది నాయినా."

"సంచులు చినగలేదు గద?"

"లేదు."

"అయితే జల్ది తీస్కరా. సంక్రాంతి దాటినంక మంద కృష్ణ ఒడ్డుకు పోతది. గా సంచులు నాకు గావాలె. గాడిదకు కొలత సరిపోతదో లేదో సూడాలె."

గీత ఇసుకలో కూర్చొని నవ్వింది. ఆ రాత్రి కృపారాణికి ఫోన్ చేసి, మొదటి మాటగా అదే చెప్పాలని నిశ్చయించుకున్నది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, గీత దారిలో చెప్పిన పొలిమేర మకాం సంగతి గుర్తుచేసుకొని, హరీష్ వచ్చే ఏటి ప్రయాణం మాట ఎత్తాడు. పరీక్ష ఇక నడిగూడెం బాటలో ఉండదన్నాడు. బృందమంతా పూర్తి సామానుతో ఒక రాత్రి మోతె పొలిమేరలో దిగుతుంది. ఎవరు ఏది తీయగలరో చూసేది, ఏది ఇంటికి పంపాలో తేల్చేది గీత.

"నేను ఒక్కదాన్నే గాదు," అన్నది గీత. "గట్టు మీద మా నాయిన కూసుంటడు. ఆయనకు ఓపిక తక్కువ. ముందే చెప్తున్న."