అత్తమ్మ ముక్కు, ఆయన బీరు

మా ఇంట్లో ఎయిర్‌కాన్, అదే ఏసీ, ఉన్న గది ఒక్కటే. అందులో ఉండేది నేనూ కాదు, మా ఆయనా కాదు, మా అత్తమ్మ అంతకన్నా కాదు. మూత బిగించిన ఒక తెల్ల ప్లాస్టిక్ బకెట్టు! మలేషియాలో మా తెలుక్ ఇంటాన్ ఎండకి మనుషులు ఉడికిపోయినా ఫరవాలేదట గానీ, ఆయన కాచిన బీరుకి మాత్రం వేడి తగలకూడదట. నేను రాత్రంతా ఫ్యాను కింద విసనకర్రతో విసురుకుంటూ ఉంటే, పక్క గదిలో ఆ బకెట్టు హాయిగా బుడబుడలాడుతూ ఉండేది.

దాని మీద ఆయన ఉపన్యాసాలు ఇన్నీ అన్నీ కావు. హాప్స్ అని ఒక తీగ పువ్వు ఉందట. దాన్ని ఎండబెట్టి, నొక్కి, కోళ్ల దాణాలాంటి పచ్చటి గుళికలు చేసి అమ్ముతారు. కాచేటప్పుడు వేసి మరిగిస్తే బీరుకి చేదు వస్తుంది. అవే గుళికలు బీరు పులిశాక, గుడ్డలో మూటకట్టి అందులో ముంచితే చేదు రాదు, వాసన ఒక్కటే దిగుతుంది. దీన్ని డ్రై హాపింగ్ అంటారు. తడి బీరులో ముంచేదానికి డ్రై అనే పేరేమిటని అడిగితే, నాకు అర్థం కాదన్నట్టు ఒక చూపు చూశారు. ఆయన లెక్కలో వాసనే బీరు. చేదంటారా, దాన్ని ఎవడైనా తెప్పిస్తాడట.

ఈ వాసన దింపడానికి ఆయనకి దొరికిన గుడ్డ ఏది? నా ఇడ్లీ గుడ్డ. మూట తేలకుండా బరువుకి పెట్టింది? నా స్టీలు టీ గ్లాసు. నిలదీస్తే, "అన్నీ బాయిల్ సేసినాను లా! శుబ్బరంగున్నాయి," అన్నారు, మాటకి ఈ ఊరి 'లా' తగిలించి. నా ఇడ్లీల గతేమిటని ఆయనకి తోచలేదు.

ఇంత హడావిడీ ఎవరి మెప్పు కోసమో ఇంట్లో అందరికీ తెలుసు. అత్తమ్మ ఇక్కడి రబ్బరు ఎస్టేట్‌లో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు వాళ్ల అయ్య కల్లు ముంత ముందు ఈవిడ ముక్కు దగ్గర పెట్టేవాడట. నీళ్లు కలిపారో, నిన్నటిదో ఈవిడ చెప్పాకే నోట్లో పోసుకునేవాడట. ఆ ముక్కంటే మా ఇంట్లో సుప్రీంకోర్టే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో హాల్లో కూర్చునే, "మెంతులు మాడినాయే!" అని కేకేసేది. బజారులో చేపలవాడు ఈవిడ రావడం చూస్తే మంచి చేపలు పైకి తీసి పెడతాడు. అందుకే మా ఆయన బీరు తీసిన ప్రతిసారీ మొదటి గ్లాసు అమ్మకే. ఆవిడ వాసన చూసేదాకా తను కూడా చూడరు. నేను బాగుందంటే చెల్లదు.

ఆ ఆదివారం అలాగే గ్లాసు పట్టుకొచ్చి, "అమ్మా, స్మెల్ సేసి సూడు లా," అన్నారు.

అత్తమ్మ కళ్లు మూసుకుని నిండా పీల్చింది. "ఏటి వాసనరా నాయినా! మల్లిపువ్వే!"

ఆయన మొహం చూడాలి! ఛాతీ ఉబ్బించుకుని నాకో గ్లాసు ఇచ్చారు. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఛీ! బెలచాన్! ఆ ఎండురొయ్యల ముద్ద వాసన గుప్పున కొట్టింది. ఫ్రీజర్లో నా బెలచాన్ పక్కనే ఈయన హాప్స్ పొట్లం మూతి కట్టకుండా పడేసిన సంగతి అప్పుడు తట్టింది. ఆయన కూడా వాసన చూసి బిక్కమొహం వేశారు. ఇద్దరం ఒకేసారి అత్తమ్మ వైపు తిరిగాం.

ఆవిడ మా మొహాలు చూసింది. గ్లాసు కింద పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లేసరికి ఎవరూ అడగని టీకి నీళ్లు పెడుతోంది.

"ఎప్పట్నుంచి అత్తమ్మా?" అన్నాను.

"మొన్న జొరం వచ్చినాది సూడు, అప్పట్నుంచి. ఉప్పు, పులుపు, సేదు నాలిక్కి తెలుస్తున్నాయే. వాసనే నేదు." స్టవ్వు అంచుని గట్టిగా పట్టుకుంది. "మీకు సెప్తే ఏటవుతాది? గ్యాసు కారినా తెలీని ముసల్దాన్ని వంటింట్లో ఉంచుతారేటి? పొయ్యి కూడా లాగేసుకుంటే నేనింకెందుకే ఈ ఇంట్లో?"

ఈమధ్య పులుసు దింపే ముందు గరిటె నా ముక్కు దగ్గర పెట్టి, "ఎలాగుందే?" అని అడుగుతుంటే, నాకు గౌరవం పెరిగిందని మురిసిపోయాను, పిచ్చిదాన్ని! గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. వెళ్లి బకెట్టు బాత్రూములో ఒంపేశారు. ఇల్లంతా చేపల రేవులా కంపు కొట్టింది, ఆ కంపు తెలియనిది ఒక్క అత్తమ్మకే.

మర్నాడు గ్యాసు కారితే కూసే పెట్టె ఒకటి తెచ్చి స్టవ్వు పక్కన గోడకి బిగించారు. బిగించిన రోజే అది కెవ్వుమంది. గ్యాసు కాదు, సీసాలు శుభ్రం చెయ్యడానికి ఈయన కొడుతున్న ఆల్కహాల్ స్ప్రే! "దొంగని పట్టినాది లా!" అని అత్తమ్మ పకపకా నవ్వింది. పొయ్యి ఆవిడదే, దాన్ని వదలమని ఎవరూ అడగలేదు.

తరవాత మళ్లీ బీరు కాచారు. ఈసారి ఆ పొయ్యి మీదే, అత్తమ్మే గరిటె తిప్పింది. బకెట్టు ఎయిర్‌కాన్‌లోకి వెళ్లింది, రోజులు గడిచాయి, నా ఇడ్లీ గుడ్డ మాత్రం దండెం మీదే ఉంది. నాకు ఆశ్చర్యమేసి, "గుడ్డ అక్కర్లేదా?" అన్నాను.

"ఈసారి మూట నేదు. హాప్స్ అంతా మరిగించేసినాను," అన్నారు, నా వైపు చూడకుండా. వాసన లేనిదీ ఒక బీరేనా అని నెలల తరబడి నా బుర్ర తిన్న మనిషి!

గ్లాసు తీసుకెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకెళ్లబోయింది.

"వాసనొద్దమ్మా. తాగు."

ఒక గుక్క మింగింది. మొహం వంకర్లు పోయింది, కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

"ఓలమ్మో! ఇసమురా ఇది! యాపాకు కసాయం కన్నా సేదు!"

అంటూనే గ్లాసు వైపు, కొడుకు వైపు మార్చి మార్చి చూసింది. అర్థమైంది ఆవిడకి. పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, గ్లాసు ముందుకి చాపింది.

"తెలిసినాది నాయినా. ఇంకో రవ్వ పొయ్యి."