రెండు ఆసులు, ఒక ఫ్యాను

ఆ రోజుల్లో నాకు తెలివితేటలు అందరికన్నా కాస్త ఎక్కువేనని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని ఎవరూ కాదనకపోవడానికి కారణం, నేను దాన్ని ఎవరికీ చెప్పకపోవడమే. షార్జా రోలాలో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే కోనసీమ బావ (నాకే కాదు, తెలుగు మాట్లాడే ప్రతివాడికీ బావే), ఏసీలు బాగుచేసే కరీంనగర్ మామ, నెల్లూరు నుంచి వచ్చిన దర్జీ భాయ్, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌన్‌కి స్టోర్ కీపర్నైన నేను. మా ఉమ్మడి ఆస్తి ఒక పాత కంప్యూటర్. లండన్‌లో ఉన్న మా బాబాయి కొడుకు ఇంటర్నెట్‌లో పోకర్ అనే పేకాట పోటీలు జరుగుతాయనీ, కొన్నిటికి ప్రవేశం ఉచితమనీ చెప్పి, తన ఖాతా నన్ను వాడుకోమన్నాడు. వేలమంది ఆడే అలాంటి ఉచిత పోటీలో ఒకసారి నేను చివరి టేబుల్ దాకా వెళ్ళాను. తంతే బూరెల గంపలో పడ్డ సంగతిని నేను ప్రతిభ అనుకున్నాను. అక్కణ్ణించి ఒక డాలరు పోటీలు, ఆ తర్వాత ఐదు డాలర్లవి. ఒక మెట్టు మీద బాగా నిలదొక్కుకున్నాకే పైమెట్టు మీద కాలు పెట్టాలని లండన్‌వాడు మరీ మరీ చెప్పాడు. నేను ఐదు డాలర్ల మెట్టు మీంచి ఏకంగా రెండు వందల డాలర్ల మెట్టుకు గెంతాలని నిశ్చయించుకున్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఈ పోటీ గెలవగానే ఉద్యోగానికి ఖలాస్ చెప్పేసి, ఇక జీవితాంతం పేకాటతోనే బతకాలని కూడా నిర్ణయించాను. గురువారం సాయంత్రం మా ముదీర్ గదిలోకి వెళ్ళి (మేనేజర్ని అక్కడ అందరూ అలాగే అంటారు), శనివారం పొద్దున మీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలని గంభీరంగా చెప్పి వచ్చాను. ఉద్యోగం పోతే వీసా పోతుందని, వీసా పోతే షార్జా పోతుందని, అక్కడ హైదరాబాదులో నా జీతం మీద ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడు నడిమధ్యలో ఆగిపోతాడని నాకు తెలియక కాదు. గెలిచేవాడికి ఇవన్నీ ఎందుకని నా ధీమా.

నా దగ్గర పోగైన డాలర్లు ప్రవేశానికి చాలలేదు. అప్పుడు బావ ఒక ఉపాయం చెప్పాడు. మా వైపు కోడిపందేల్లో పుంజు ఒకడిదే అయినా పైపందెం పదిమంది కాస్తారు కదా, అలాగే తను, మామ చెరో వాటా వేసుకుంటారట. (అంటే నేను పుంజునన్నమాట. అది నాకు అప్పుడు తట్టలేదు.) భాయ్‌ని కూడా అడిగాం. ఆయన కత్తెర పక్కన పెట్టి, "నాకొద్దబ్బయ్యా, ఇది మాకు హరాం. నీ వంతు వంట నేను చేస్తాలే, నువ్వు బిరీన వోడిపోయి రా" అన్నాడు.

అక్కడ సెలవురోజైన శుక్రవారం మధ్యాహ్నం పోటీ మొదలైంది. ఆ దేశంలో జూదం నేరం కనుక తలుపు గడియపెట్టి, కిటికీకి దుప్పటి కట్టి కూర్చున్నాం. వాటా వేసినవాడికి సలహా చెప్పే హక్కు ఉంటుందని నేను ముందుగా ఆలోచించలేదు. ప్రతి ఆటకూ ముక్కలు పడగానే బావ ఆడమనేవాడు, మామ పారేయమనేవాడు. బావకు తెలిసింది రమ్మీ ఒక్కటే. ముక్కలు వరసగా కనిపిస్తే చాలు, జోకరు ఎప్పుడు వస్తుందని అడిగేవాడు. పోకర్‌లో జోకరు ఉండదంటే, మరి ఇదేం పేకాట అని కోప్పడేవాడు. ఆ కోపం తీరేలోపు నాకిచ్చిన కొద్ది సెకన్లు అయిపోయి, కంప్యూటరే నా ముక్కల్ని పారేసేది. అలా మేము పోట్లాడుకుంటూ ఏమీ ఆడకుండా కూర్చుంటే, అవతల శూరులంతా ఒకళ్ళనొకళ్ళు పడగొట్టుకున్నారు. సాయంత్రానికి చూస్తే మేము బహుమతులకు నాలుగు స్థానాల దూరంలో ఉన్నాం. నా జీవితంలో అంత గొప్పగా నేనెప్పుడూ ఆడలేదు.

అప్పుడు నాకు రెండు ఆసులు పడ్డాయి. పోకర్‌లో చేతికిచ్చే రెండు ముక్కల్లో అంతకన్నా మంచివి రావు. మామ కూడా మొదటిసారి మెత్తబడి, "గిప్పుడు కొట్టురా బై" అన్నాడు. ముగ్గురి నోటా ఒకే మాట రావడం ఆ రోజు అదొక్కసారే. ఉన్నదంతా ముందుకు తోసేశాను. అవతలివాడి చేతిలో రెండు ఏడులు. అందరికీ కలిపి బల్ల మీద పరిచే ముక్కల్లో చివరిది మూడో ఏడు. మూడు ఏడుల ముందు రెండు ఆసులు చెల్లవు.

వంటింట్లోంచి భాయ్ తొంగిచూసి, "అయిపోయిందా? అయితే రాండి, చేపల పులుసు చల్లారిపోతా ఉంది" అన్నాడు. ఏడుపొస్తుందేమో అనుకుంటూ లేచాను. రాలేదు. ముదీర్‌కి ఖలాస్ చెప్పక్కర్లేదు, తమ్ముడి ఫీజు ఆగదు, ఇంకెప్పుడూ ఆ రెండు వందల డాలర్ల మెట్టు ఎక్కక్కర్లేదు అని తలుచుకుంటే ప్రాణం హాయిగా ఉంది. నాకు భయం వేసిందని, అదీ గెలుస్తానేమోనని వేసిందని, అప్పుడే తెలిసింది. పులుసు మూడుసార్లు వేయించుకున్నాను. మామ కిటికీ దుప్పటి విప్పుతూ, పైసలు పోతే పోయినయి, పోలీసులు రాలేదు చాలన్నాడు.

శనివారం ముదీర్ నాకోసమే ఎదురుచూస్తున్నాడు. తలుపు మూయించి, టీ తెప్పించి, చెప్పమన్నాడు. చెప్పడానికి నా దగ్గర ఏముంది. గోడౌన్‌లో ఉక్కగా ఉంది సర్, ఒక ఫ్యాను ఇప్పించండి అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, "బస్? అంతేనా?" అన్నాడు. బస్ అన్నాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, యల్లా పొమ్మని, సాయంత్రానికి ఒకటి కాదు, రెండు ఫ్యాన్లు పంపించాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఆ కంపెనీ వదిలి వస్తున్న రోజున ముదీర్ నవ్వుతూ ఆ సంగతి ఎత్తాడు. నేను శనివారం మాట్లాడాలని అంత బిగుసుకుపోయి చెప్పేసరికి, నాకు వేరేచోట మంచి ఉద్యోగం దొరికిందని భయపడ్డాడట. నన్ను పోనివ్వకూడదని, జీతం పెంచడానికి యజమానిని ఒప్పించి మరీ కూర్చున్నాడట. "నువ్వు ఫ్యాను అడిగావు" అన్నాడు.

చేతిలో ఏమీ లేకుండా అవతలివాణ్ణి భయపెట్టడమే పోకర్‌లో అసలు విద్య అంటారు. జన్మలో ఒక్కసారి అది నాకు వచ్చింది, రెండు ఫ్యాన్లకు వదులుకున్నాను. అయినా అప్పటి నాలోని ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆ వేసవంతా గోడౌన్‌లో అట్టపెట్టెల మధ్య కూర్చుని, రెండువైపుల నుంచీ గాలి తగులుతుంటే, దేశంలో తనంత సుఖపడేవాడు లేడనుకున్నాడు పాపం.