మెత్త మీది ఒత్తు

అక్కకు రొమ్ము తీసేసిన ఆపరేషన్ అయినంక ఎడమ చెయ్యి వాసింది. మోచేతి పైన వేలు పెట్టి నొక్కితే గుంట పడేది, అది నిండెతందుకు చాన సేపు పట్టేది. పట్నం దవాఖానల నర్సమ్మ చంక కింద చిన్న దిండు పెట్టుకొమ్మని చెప్పిందట. అక్క ఇంటికొచ్చి పాత చీరను మడత పెట్టి పెట్టుకునేది. అది జరసేపటికే జారేది, జారకపోతే గడ్డ కట్టేది. "ఒత్తుకుంటాందే," అనేది. నొప్పి గురించి ఆమె నోట్ల నుంచి అంతకు మించి మాట రాలేదు.

నేను ఆమెకు ఒక మెత్త చేసియ్యాలనుకున్న. మా దిక్కు దిండును మెత్త అంటం. ఊరికె గుడ్డతోటి కుట్టింది కాదు, పైన దారంతోటి అల్లింది, చూస్తే జర మనసుకు మంచిగనిపించేది.

అల్లిక నాకు అక్షరాలతోటే వచ్చింది. అప్పటికి నాకు యాభై దాటినయి. మా ఊర్ల అంగన్‌వాడిల పని చేసి దిగిపోయిన టీచరమ్మ ఒకామె ఉన్నది. పొదుపు సంఘంల ఆడోళ్లందరం వేలిముద్రలు ఏసుడు చూడలేక మధ్యాహ్నం పూట మమ్ముల తన అరుగు మీద కూసోబెట్టి చదువు చెప్పింది. ఆరుగురం మొదలు పెడితే పత్తి ఏరుడు వచ్చేసరికి ఇద్దరం మిగిలినం. ఆమె మాకు చెప్పుకుంటనే కొక్కెం ఉన్న సూదితోటి తెల్ల దారం అల్లుతుండేది. తలుపులకు తోరణాలు, టీవీ మీద కప్పే గుడ్డ, దేవుని పీట మీద గుడ్డ. క్రోషా అంటరు దాన్ని. నా కండ్లు పలక మీద కంటె ఆ సూది మీదనే ఎక్కువ ఉండేటియి. ఒకరోజు సూది నా చేతికిచ్చి, ఇగ ఇది కూడ పట్టు అన్నది. అక్షరం కంటె ముడి నాకు తొందరగ వచ్చింది.

ఒత్తుల కాడ మాత్రం నేను చాన రోజులు ఆగిపోయిన. అక్షరం కింద ఇంకో అక్షరం ఎందుకు వేలాడాలెనో సమజ్ కాలేదు. ముందుగాల పై వరుస రాసుకో, ఒత్తులు ఆఖరుకు పెట్టు అని టీచరమ్మ చెప్పింది. నేను అదే అలవాటు చేసుకున్న. మాట మొత్తం రాసినంక మళ్ల మొదటికి వచ్చి, కింద ఏమన్న పెట్టాల్నా అని ఒక్కొక్క అక్షరం చూసేదాన్ని.

మా అక్కచెల్లెండ్ల ఇద్దరిల బడి అక్కకే దొరికింది. ఒకరు బడికి పోతే ఒకరు బర్ల ఎంబడి పోవాలె అన్నడు బాపు. అక్క ఐదు దాక చదివింది. నా పెండ్లయినంక కూడ నా ఇంటికి ఏ కాగితం వచ్చినా ఆమె కాడికే తీసుకపోయేదాన్ని. ఆమె చదివి చెప్పేది, చెప్పినంక కాగితం మడత పెట్టి నా రైక సందుల తనే పెట్టేది. దాని మీద నాకు ఎన్నడు కోపం రాలేదు అని రాస్తే అబద్ధమైతది. వచ్చింది, చాన ఏండ్లు ఉన్నది. అక్క దవాఖానల పడినంక ఆ కోపం కోసం దేవులాడుకున్నా దొరకలేదు.

మెత్త మీద ఆమెను పిలిచే మాటనే అల్లాలనుకున్న. గళ్ల నోట్‌బుక్కు కొని అక్షరాన్ని గళ్లల్ల గీసుకున్న. నిండు గడి ఉన్నకాడ దారం నిండుగ అల్లాలె, ఖాళీ గడి ఉన్నకాడ సందు ఇడవాలె. మన అక్షరాలు గుండ్రంగ ఉంటయి గద, గళ్లల్ల కూసోబెడితే వాటికి మూలలు వస్తయి. అ రాసెతందుకే మూడు కాగితాలు ఖరాబైనయి. తెల్ల దారం, కింద ఎర్ర గుడ్డ. సందులల్ల నుంచి ఎరుపు కనబడితే అక్షరం తెల్లగ లేస్తది.

లోపటి పత్తి మా చేనుదే. గింజలు చేతితోటి ఒలిచి, మోత్కూర్‌ల దూదేకే సాయిబు కాడికి తీసుకపోయిన. ఎవరికని అడిగితే చెప్పిన. ఆయన మిషన్ బందు చేసి, నేను తెచ్చిన దూదిల సగమే సంచిల పోసిండు. మిగిలింది ఇంటికి తీసుకపో చెల్లె, దెబ్బ తాకిన చెయ్యి కిందికి నిండుగ కుక్కొద్దు అన్నడు.

మెత్తకు ఇంక నాలుగు వరుసలు మిగిలినప్పుడు బావ ఫోన్ చేసిండు. అక్కకు ఆపరేషన్ అయినంక ఆరు సూదులు ఎక్కియ్యాలె అన్నరు డాక్టర్లు. సెలైన్ లెక్క పొద్దంత ఎక్కిచ్చే మందు అది. రెండు అయినయి. మూడోదాని తారీఖు దాటి వారం అయ్యిందట, అక్క రానంటున్నదట. నడుమ ఆపితే చేసిందంత వ్యర్థమైతదని డాక్టర్ ముందే చెప్పిండట. ఎందుకు రావంటే చెప్తలేదు. "నా మాట ఇంటలేదు. జర నువ్వన్న రా," అన్నడు బావ. ఆయన గొంతు అట్ల ఎన్నడు ఇనలేదు నేను.

రెండు రోజులల్ల మెత్త పూర్తి చేసి పట్టుకపోయిన. అక్క వాళ్ల ఊరు మాకు రెండు ఊర్ల అవతల. ఎండ దంచుతున్నది, అయినా ఆమె తలకు గుడ్డ కట్టుకొని, దాని మీద కొంగు కప్పుకొని మంచం మీద కూసున్నది. నేను మెత్త ఆమె ఒళ్లె పెట్టిన. ఆమె దాన్ని వెలుతురుకు తిప్పుకున్నది.

"అక," అని చదివింది. మళ్ల చూసి, "అక ఏందే?" అన్నది.

నేను వంగి చూసిన. రెండు నెలలు దాని ముంగటనే కూసున్న, నా కంటికి ఎప్పుడు చూసినా అక్క అనే కనబడింది. క కింద ఒత్తు లేదు. ఆఖరుకు పెడుదామని గళ్లల్ల దాన్ని గీయనే లేదు. కాగితం మీదైతే ఆఖరుకు పెట్టొచ్చు. ఇది కింది నుంచి పైకి అల్లుకుంట పోయేది. ఒత్తు అన్నిటికంటె ముందే రావాల్సింది.

అక్క నవ్వింది. కుట్లు గుంజుతయని పక్కన చెయ్యి పెట్టుకొని నవ్వింది. "యాభై ఏండ్లు నోరు నొయ్యంగ అక్కా అక్కా అని పిలిచినవ్. రాసుడు వచ్చేసరికి సగం చేసినవా నన్ను?"

నాకు ఏడుపొచ్చింది గని నేను కూడ నవ్విన. ఇప్పి మళ్ల అల్లుత ఇయ్యి అని గుంజుకున్న. ఆమె ఇయ్యలేదు, చంక కింద పెట్టుకున్నది. ఒత్తుకుంటలేదు అన్నది.

అప్పుడే పక్కింటామె వచ్చింది, పుంటికూర పట్టుకొని. అక్కకు వరుసకు ఆడబిడ్డ అయితది. ఆ మాట ఈ మాట మాట్లాడి, అక్క తల దిక్కు చూసి, గుట్టకు పోయి స్వామికి తలనీలాలు ఇచ్చొచ్చి నెల దాటె, ఇంకా వెంట్రుకలు రాలేదా వదినె, అని అడిగింది. ఆ స్వామి ప్రసాదం తిన్నంక మా పిల్లకు జరం తగ్గింది, మళ్ల పోతె మాకు కూడ చెప్పు, వస్తం అన్నది. అక్క ఆఁ అన్నది. ఆమె పోయినంక అక్క గోడ దిక్కు తిరిగి, జరిగింది నాకు చెప్పింది.

అక్క గుట్టకు పోలేదని నాకు తెలుసు. మొదటి సూది ఎక్కినంక వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగ ఊడినయి, మిగిలినయి బావనే తీసేసిండు. ఊర్ల ఎవరికి జబ్బు సంగతి తెల్వదు. గర్భసంచి ఆపరేషన్ అని చెప్పుకున్నరు. గుండు చూసి అందరు గుట్టకు పోయొచ్చినవా, నరసింహస్వామికి మొక్కు చెల్లించినవా అని వాళ్లే అడిగిన్రట. ఆఁ అన్నదట. గుట్ట నుంచి వచ్చినోళ్లు ప్రసాదం పంచకుంట ఉంటరా? బావను మోత్కూర్ పంపి, మిఠాయి దుకాణంల లడ్లు తెప్పిచ్చి, చిదిపి ఇంటింటికి పంచిందట.

"అందరు కండ్లకు అద్దుకొని తిన్నరే," అన్నది అక్క. "ఆ పిల్ల జరంతోటి ఉండె. దాని నోట్ల నేనే పెట్టిన. దేవుని పేరు మీద దుకాణం లడ్డు పెట్టిన. ఇగ ఆయన నన్ను బతుకనిస్తడా? ఆ సూదులు ఎన్ని ఎక్కితే ఏం ఫాయిదా?"

నేను అప్పటిదాక గుండు కనబడితే సిగ్గని దవాఖానకు పోతలేదేమో అనుకున్న. అది కాదు. తనకు శిక్ష పడ్డదని ఆమె ఒప్పుకొని కూసున్నది. నేను పోయి నీ పేరు మీద నా వెంట్రుకలు ఇచ్చొస్త అన్న. "నువ్వు గుండు చేయించుకుంటే నా అబద్ధం నిజమైతదా? ఇద్దరం గుండ్లేసుకొని తిరిగితే ఊరంత నవ్వుతది," అన్నది.

చేతులకు పని లేక, నేను సంచిల నుంచి సూది, దారం, నోట్‌బుక్కు తీసి, మెత్త మీది గలీబు, నేను అల్లిన పై తొడుగు, ఊడదీసి ఇప్పెతందుకు దారం కొస దేవులాడిన. కొస పైన ఉంటది. పై నుంచి ఇప్పుకుంట వస్తే మొత్తం పోతే గని ఒత్తు జాగా రాదు. అప్పుడు టీచరమ్మ తోరణం కింద కుచ్చులు ఎట్ల పెట్టిందో యాదికొచ్చింది. గలీబును తలకిందులు చేసిన. మొట్టమొదలు ఏసిన గొలుసు కుట్టు పైకి వచ్చింది. దానికి అవతలి దిక్కు కూడ సందులు ఉంటయి. అండ్ల సూది గుచ్చి కొత్త వరుస ఎత్తిన.

అక్క చూసుకుంట కూసున్నది. "ఇప్పకుంటనే పెట్టొస్తదా?" అని అడిగింది.

"వస్తది. తిరగేసి అల్లాలె. అంతే."

"మొదలే పెట్టాల్సింది గద అది."

"మొదలు పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్న."

ఒత్తు తలకిందులుగ ఎట్లుంటదో నాకు తెల్వదు. అక్కనే నోట్‌బుక్కుల గీసి, కాగితం తిరగేసి చూపిచ్చింది. గళ్లు లెక్కపెట్టింది. ఒక కాడ నేను తప్పు గడి నింపితే నా చెయ్యి మీద కొట్టింది, చిన్నప్పుడు కొట్టినట్టే. ఎండ వాకిట్ల నుంచి గోడ మీదికి పోయేదాక ఇద్దరం దాని మీదనే ఉన్నం. ఆరు వరుసలు. చివరి ముడి ఏసి గలీబు తిప్పితే క కింద ఒత్తు ఉన్నది. పక్క వరుసల కంటె జర వదులుగ, కొత్త దారం కాబట్టి జర తెల్లగ.

అక్క దాని మీద వేలు పెట్టి తడిమింది. తడుముకుంటనే అన్నది, "ఇచ్చిన అని చెప్పుకున్న వెంట్రుకలు ఇయ్యకపోతే గద అబద్ధం. మళ్ల మొలిస్తే ఇయ్యొచ్చునా?"

ఇయ్యొచ్చు అన్న నేను. నాకేం తెల్సు? పూజారిని కాదు. అయినా అన్న.

"సూదులు అయిపోతె గని మొలవయి," అన్నది.

బావ వాకిట్ల నిలవడి ఇంటున్నడు. ఫోన్ తీసుకొని అవతలికి పోయిండు, దవాఖానకు చేసెతందుకు.

మిగిలిన నాలుగు సూదులకు నేనే ఎంబడి పోయిన. బస్సులల్ల ఆడోళ్లకు టికెట్టు లేకుంట అయిన కొత్తలు అవి, కాలు పెట్టెతందుకు జాగా ఉండకపోయేది. అక్కను కిటికీ పక్కన కూసోబెట్టి, నడుమల మెత్త పెట్టి, నేను ఇవతల అడ్డం కూసునేదాన్ని. ఆలస్యంగ వచ్చినందుకు డాక్టర్ కోపం చేసిండు. ఆ కోపం అక్క తల వంచుకొని మొత్తం పడ్డది. నాలుగోదానికి కాళ్లల్ల చేతులల్ల తిమ్మిర్లు వచ్చినయి. అయిదోదానికి నోరు పూసి నీళ్లు కూడ మింగలేకపోయింది. ఆరోదానికి బస్సు మెట్టు ఎక్కలేకపోతే కండక్టరమ్మ దిగి నడుము పట్టి లేపింది. ఒక్కసారి కూడ రానని అనలేదు.

జబ్బు పోయిందా అంటే మాకు తెల్వదు. పోయిందని వాళ్లు చెప్పరు. మళ్ల ఎప్పుడు రావాలెనో చెప్తరు. కాగితం మీద తారీఖు ఇప్పుడు నేనే చదువుకుంట.

వెంట్రుకలు వచ్చినయి. ముందటి లెక్క సాపుగ కాదు, ఉంగరాలు ఉంగరాలుగ, తెల్లగ, చిన్నపిల్ల తల లెక్క. వేలు పొడుగైనంక గుట్టకు పోయినం, అక్క, బావ, నేను. తలనీలాలు తీసే ఆయన ఆమె తల చూసి, ఇవేనా అమ్మా, ఇంకా ఆరు నెలలు పెంచుకొని రాకపోయినవా అన్నడు. అక్క నీళ్లతోటి తల తడుపుకొని కూసున్నది. కత్తి తిరిగినంత సేపు కండ్లు మూసుకోలేదు.

ఊరికొచ్చినంక ప్రసాదం పట్టుకొని ఆమె మొదలు పక్కింటికే పోయింది. నేను ఎంబడి పోయిన. గడప కాడ నిలవడి, చెప్పాల్సింది మొత్తం చెప్పింది. ముందటి గుండు మందుకు పోయిన వెంట్రుకలని. అప్పుడు పంచినయి మోత్కూర్ లడ్లని. జబ్బు పేరు కూడ చెప్పింది. నడుమ ఆగలేదు. పక్కింటామె అక్కను చూసింది, అక్క చేతుల ప్రసాదం చూసింది. ఆమె ముఖంల ఏమున్నదో నాకు దొరకలేదు. తిడుతదేమో అనుకున్న. పిల్ల నోట్ల పెట్టిన దాని గురించి అడుగుతదేమో అనుకున్న.

ఆమె దోసిలి పట్టింది. తీసుకొని కండ్లకు అద్దుకున్నది.

"లోపటికి రా వదినె," అన్నది. "ఆ వాసిన చెయ్యి చూపియ్యి నాకు."

అక్క లోపటికి పోయింది. నేను వాకిట్లనే నిలవడ్డ.